గులేబకావళి 1924: ప్రింటు లేని సినిమా గురించి మనకు తెలిసిందెంత?

గులేబకావళి అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తొచ్చేది 1962లో ఎన్టీఆర్ నటించి, దర్శకత్వం కూడా వహించిన సినిమా. సి.నారాయణరెడ్డి సినీ కవిగా అడుగుపెట్టింది అందులోనే. తమిళులను అడిగితే 1955 నాటి ఎంజీఆర్ సినిమా అంటారు. పంజాబీలో ఇదే కథ 1939లో వచ్చింది, చిన్న వయసు నూర్జహాన్ అందులో నటించింది. వీటన్నిటికీ ముందు, సినిమాకు ఇంకా మాట రాని 1924లో, బొంబాయిలోని కోహినూర్ ఫిల్మ్ కంపెనీ ఈ కథను తీసింది. దర్శకుడు కాంజీభాయ్ రాథోడ్, కథనం రాసింది మోహన్‌లాల్ దవే, తారాగణంలో జుబేదా.

ఆ 1924 సినిమా గురించి చదివితే రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, అది దేశమంతా ఆడిన తొలి హిట్లలో ఒకటని. రెండోది, దాని ప్రింటు ఎక్కడా లేదని. సహజంగానే అనుమానం వస్తుంది. ఎవరూ చూడలేని సినిమా గురించి ఇంత ధీమాగా ఎలా చెబుతున్నారు? చెప్పినదాంట్లో దేన్ని నమ్మాలి, దేన్ని కాస్త పక్కన పెట్టాలి?

ముందు కథ: పువ్వు, పిల్లి, పాచికలు

ఈ కథను 1722లో ఇజ్జతుల్లా బెంగాలీ పారశీకంలో రాశాడు. 1803 ప్రాంతంలో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్‌చంద్ లాహోరీ దాన్ని ఉర్దూ వచనంలోకి తెచ్చాడు. తర్వాత దయాశంకర్ నసీమ్ దాన్నే పద్యకావ్యం చేశాడు. అక్కణ్ణుంచి పార్సీ నాటక కంపెనీలు అందుకున్నాయి. అంటే సినిమా పుట్టే నాటికే జనానికి ఇది బాగా తెలిసిన కథ.

రాజు జైనుల్ ములూక్‌కు ఐదో కొడుకు పుడతాడు. కొడుకు ముఖం చూస్తే రాజుకు చూపు పోతుందని జ్యోతిష్కులు చెబుతారు, చివరికి అలాగే పోతుంది. పరీల (దేవకన్యల) లోకంలో బకావళి తోటలో పూసే పువ్వు తప్ప మందు లేదంటారు. నలుగురు అన్నలు బయల్దేరి, దారిలో దిల్‌బర్ అనే వేశ్య దగ్గర పాచికలాడి ఉన్నదంతా ఓడి, ఆమెకు బానిసలవుతారు. ఆమె గెలుపు వెనక ఒక కిటుకు ఉంది. పిల్లి తల మీద దీపం పెట్టి ఆట ఆడిస్తుంది. పాచిక అడ్డంగా పడ్డప్పుడు పిల్లి తల కదిలిస్తుంది, నీడ పడుతుంది, ఆ చీకట్లో ఒక ఎలుక వచ్చి పాచికను తిప్పేస్తుంది. చిన్నవాడు తాజుల్ ములూక్ ఈ మోసం కనిపెట్టి, ముంగిసను వెంట తెచ్చుకుని గెలుస్తాడు. రాక్షసి సాయంతో, ఎలుకలు తవ్విన సొరంగంలోంచి పరీల తోటకు పోయి పువ్వు కోస్తాడు. నిద్రలో ఉన్న బకావళి ఉంగరం మార్చుకుని వస్తాడు.

సగం కథ ఇంతే. మిగతా సగంలో బకావళి దొంగను వెతుక్కుంటూ వస్తుంది, ప్రేమలో పడుతుంది. రోజూ రాత్రి ఇంద్రసభలో నాట్యం చేయడానికి ముందు మనిషి వాసన పోవడానికి ఆమెను మంటల్లో కాలుస్తారు. తర్వాత శాపం వల్ల సగం శరీరం రాయవుతుంది, రైతు ఇంట్లో మళ్లీ పుడుతుంది. పారశీకంలో రాసిన కథలోకి ఇంద్రుడు వచ్చేశాడని ఎవరూ ఆశ్చర్యపోలేదు. పరీలూ ఇంద్రుడూ ఒకే వేదిక మీద కనిపించడం ఆ నాటకాల ప్రేక్షకులకు అలవాటే.

(పువ్వు మాత్రం నిజంగా ఉంది. నర్మద పుట్టే అమర్‌కంటక్‌లో అల్లం జాతికి చెందిన ఒక తెల్లటి పువ్వును గుల్‌బకావళి అనే పిలుస్తారు. కళ్లకు మంచిదని అక్కడ నమ్మకం. కథ పువ్వుకు పేరు పెట్టిందో, పువ్వు కథను పుట్టించిందో తేల్చడం కష్టం.)

"పోయింది" అనే మాటలో ఎన్ని అర్థాలు

మన దగ్గర సినిమావాళ్లు "దానికి ప్రింట్ లేదండీ" అంటారు. ఆ మాటే కొంచెం విప్పి చూడాలి. సినిమా అంటే మూలంలో ఒక నెగటివ్, దాన్నుంచి తీసిన ప్రింట్లు. నెగటివ్ కాలిపోయినా ఒక్క ప్రింటు మిగిలితే సినిమా ఉన్నట్టే. ప్రింటులో రెండు రీళ్లే మిగిలితే "పాక్షికంగా ఉంది" అంటారు. ఒక్క ముక్క కూడా తెలిసిన ఏ భాండాగారంలోనూ లేకపోతే "పోయింది" అంటారు. తెలిసిన చోట్ల లేదన్నదే అందులో అసలు సంగతి. ఎవరింటి అటక మీదో డబ్బా లేదని ఎవరూ ప్రమాణం చేయలేరు.

ఇంకో చిక్కు ఉంది. ఉన్నదనుకున్నది ఏ సినిమా? ఫాల్కే 1913లో తీసిన 'రాజా హరిశ్చంద్ర' రీళ్లు కొన్ని పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉన్నాయని అందరూ చదివే ఉంటారు. కానీ ఫాల్కే అదే కథను 1917లో మళ్లీ తీశాడు. మనం టీవీల్లో చూసే ఆ దృశ్యాలు రెండోసారి తీసినవేనని పరిశోధకుల్లో చాలామంది మాట. అలా చూస్తే, భారతీయ సినిమా పుట్టినరోజున మనం వేసే బొమ్మ ఆ పుట్టినరోజుది కాదు.

ఫొటోలు, పోస్టర్లు, ప్రకటనలు, స్క్రిప్టులు మరో తరగతి. ఇవి సినిమా గురించిన సాక్ష్యాలు. 1924 గులేబకావళి ఈ తరగతిలోకి వస్తుంది. సినిమా లేదు, కానీ దాని స్క్రిప్టు మిగిలింది. మూకీల చరిత్రను దశాబ్దాలుగా తవ్వుతున్న వీర్‌చంద్ ధరంసీ దాన్ని 2012లో ఒక పరిశోధన పత్రికలో ప్రచురించారు. మన మూకీల్లో ఇంత అదృష్టం దక్కినవి బహు తక్కువ.

ఎందుకు పోయాయి: మంట ఒక్కటే కారణం కాదు

ఆ కాలపు ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్. తుపాకి మందుకు దగ్గర చుట్టం. ఒకసారి అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే మండడానికి కావాల్సిన ఆక్సిజన్ అందులోనే ఉంటుంది. నీళ్లలో ముంచినా కాలుతుంది. అంటుకోకపోయినా ఊరుకోదు. వేడికి, తేమకి ముందు బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత చుట్లు పాకంలా అతుక్కుంటాయి, చివరికి గోధుమరంగు పొడి మిగులుతుంది. బొంబాయి వానాకాలంలో, మద్రాసు ఎండల్లో, రేకు డబ్బాలో పెట్టిన రీలు ఎన్నాళ్లుంటుందో ఊహించుకోవచ్చు. ఆర్కైవ్‌కు చేరినా గండం తప్పిందని కాదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ రీళ్లు దాచిన చోట మంటలు లేచి వందల సినిమాల రీళ్లు బూడిదయ్యాయి.

అయినా నేరమంతా నైట్రేట్ మీద వేయడం నాకు సబబుగా అనిపించదు. ఎక్కువ భాగం మనుషులే వదిలించుకున్నారు. 1931లో టాకీ రాగానే మూకీకి అంగడి విలువ పోయింది. ఫిల్ము మీద పూతలో వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీసుకుంటే డబ్బు. మిగిలిన సెల్యులాయిడ్ గాజులకూ చేతిసంచులకూ పనికొచ్చింది. ఒకనాడు తెర మీద ఆడిన పరి తర్వాత ఎవరి చేతికో గాజై ఉంటుందన్నమాట. పుస్తకాలకు ఉన్నట్టు "ఒక ప్రతి ప్రభుత్వానికి ఇవ్వాలి" అనే నియమం ఆనాటి సినిమాలకు లేదు. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టిందే 1964లో. అంటే గులేబకావళి వచ్చిన నలభై ఏళ్లకు.

మన తెలుగువాళ్ల సంగతీ ఇదే. రఘుపతి వెంకయ్య, ప్రకాష్ తండ్రీకొడుకులు 1921లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా లేదు.

ఎన్ని పోయాయి: అంకెలు ఎందుకు కలవవు

భారతీయ మూకీలు సుమారు 1,300 అని కొందరు, 1,700 అని కొందరు రాస్తారు. ముక్కలతో కలిపి మిగిలినవి ముప్పై లోపే అనే మాట మాత్రం దాదాపు అందరిదీ.

మొదటి అంకెలో ఇంత తేడా ఎందుకు? వార్తాచిత్రాలు, చిన్న హాస్యఖండికలు లెక్కలో వేయాలా వద్దా అన్నది ఒక కారణం. పేర్లు ఇంకో కారణం. ఆ రోజుల్లో ఒక సినిమాకు దేశీ పేరొకటి, ఇంగ్లీషు పేరొకటి ఉండేవి. 1931 నాటి 'దిలేర్ జిగర్', 'గ్యాలంట్ హార్ట్స్' ఒకటే సినిమా. పత్రికా ప్రకటనల నుంచి జాబితా తయారుచేస్తే అవి రెండు సినిమాలైపోయే ప్రమాదం ఉంది. ప్రకటించి తీయనివీ అందులో దూరవచ్చు.

అమెరికాలో పరిస్థితి మెరుగే కానీ గొప్పగా ఏం లేదు. 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1912, 1929 మధ్య అక్కడ విడుదలైన పూర్తి నిడివి మూకీలు 10,919. వాటిలో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. సుమారు 70 శాతం ఏ రూపంలోనూ లేవు.

మిగిలిన ముక్క ఎంత అని చెప్పడంలోనూ ఒక మెలిక ఉంది. ఒక లెక్క చేసి చూద్దాం. 1919 నాటి 'బిల్వమంగళ్' ముక్క పారిస్‌లోని సినిమాథెక్ అనే ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉందని తెలిసి, 'జమాయ్ బాబు' అనే మన మూకీ డిజిటల్ ప్రతిని బదులిచ్చి, 2016లో దాన్ని పుణెకు తెచ్చుకున్నారు. వచ్చింది 594 మీటర్లు, నడిపితే 28 నిమిషాలు. అసలు సినిమా 12,000 అడుగులు, 132 నిమిషాలు అని రాస్తారు. నిమిషాలతో భాగిస్తే 21 శాతం మిగిలిందనిపిస్తుంది. ఇప్పుడు పొడవుతో చూడండి. 594 మీటర్లంటే సుమారు 1,949 అడుగులు. 12,000లో అది 16 శాతమే.

తేడా ఎక్కడొచ్చింది? 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. 12,000 అడుగులకు 1,92,000 ఫ్రేములు. వాటిని సెకనుకు 24 చొప్పున నడిపితేనే 130 నిమిషాల చిల్లర వస్తుంది. 24 అనేది టాకీల వేగం. మూకీలు అంతకంటే నెమ్మదిగా నడిచేవి. ఆ 28 నిమిషాల లెక్క సెకనుకు 18 ఫ్రేములతో వేసింది. అదే వేగంతో మొత్తం సినిమా నడిపితే దాదాపు మూడు గంటలు. మూకీ నిడివి నిమిషాల్లో కనిపిస్తే ఏ వేగంతో అని అడగాల్సిందే. అడుగుల్లో చెప్తే ఆ గొడవ లేదు, అందుకే పాత రికార్డులన్నీ అడుగుల్లోనే ఉంటాయి.

కాగితం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

సినిమా లేనప్పుడు కాగితమే ఆధారం. అది ఎంత పని చేస్తుందో మన 'భక్త ప్రహ్లాద' చక్కటి ఉదాహరణ. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఏళ్ల తరబడి వేడుకలు చేసుకున్నాం. సినీ జర్నలిస్టు రెంటాల జయదేవ సెన్సార్ రికార్డు, పాత పత్రికలు వెతికి తీస్తే, సెన్సార్ అయిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో విడుదల ఫిబ్రవరి 6న అనీ తేలింది. ఒక్క ఫ్రేము కూడా చూడకుండానే తేదీ మారిపోయింది.

తేదీ, నిడివి, పేర్లు, కథాక్రమం లాంటి విషయాల్లో కాగితం గట్టి సాక్షి. గులేబకావళి స్క్రిప్టు కూడా అంతే. ఇంత పెద్ద కథలో ఏ ఘట్టాలు తీసుకోదలిచారు, ఏ వరసలో పెట్టదలిచారు అన్నది అలాంటి కాగితం నుంచే తెలుస్తుంది. కానీ "తీయదలిచారు" అన్నదానికీ "తీశారు" అన్నదానికీ మధ్య షూటింగ్ ఉంది. పిల్లి తల మీద దీపం అని కాగితం మీద రాయడం తేలిక. నిజం పిల్లిని పెట్టారా, బొమ్మను పెట్టారా, అసలు ఆ షాట్ కుదరక వదిలేశారా? చూసిన జనం నోరు తెరిచారా, నవ్వారా? బకావళి మంటల్లోంచి లేచే దృశ్యానికి రెండుసార్లు ఫిల్మును తిప్పి తీశారా? ఇలాంటివి స్క్రిప్టులో ఉండవు. ఫాంటసీ సినిమా ప్రాణమంతా సరిగ్గా ఇక్కడే ఉంటుంది కాబట్టి, సాంఘిక చిత్రం పోవడం కన్నా ఫాంటసీ పోవడం వల్ల మనకు దక్కకుండా పోయేది ఎక్కువని నాకనిపిస్తుంది. సాంఘిక చిత్రం కథ చదివితే సగమైనా తెలుస్తుంది, మాయ తెలియదు.

ఇదే తరహాలో మరో ఉదాహరణ 'బుల్‌బులే పరిస్తాన్', 1926. జుబేదా తల్లి ఫాత్మా బేగం సొంత కంపెనీ పెట్టి తీసింది. మన దేశంలో తొలి మహిళా దర్శకురాలు ఆమే. ఆ సినిమా కూడా లేదు. పరీల లోకంలో జరిగే, ట్రిక్ ఫొటోగ్రఫీ ఉన్న భారీ చిత్రమని చరిత్ర పుస్తకాలు ఒక వాక్యం రాసి ఊరుకుంటాయి. తొలి మహిళా దర్శకురాలి తొలి సినిమాకు దక్కిన చోటు అంతే.

రెండు వాదాలు: హిట్టా, కాపీయా?

"దేశమంతా ఆడిన తొలి హిట్" అన్న మాటను ఎలా తూచాలి? ఈనాటిలా కలెక్షన్ల లెక్కలు అప్పుడు లేవు. అనుకూలంగా చెప్పేవాళ్లు చూపే బలమైన ఆధారం తర్వాత జరిగిన పరిణామం. గులేబకావళి తర్వాత బొంబాయి కంపెనీలు పరీల కథలు, అరేబియన్ నైట్స్ తరహా కథల మీద పడ్డాయి. డబ్బు రాని దారిలో అంతమంది నడవరు కదా. మూకీకి భాష అడ్డు లేదు, మధ్యలో వచ్చే అక్షరాల కార్డులు రెండు మూడు భాషల్లో ఉండేవి, చదవలేనివాళ్లకు హాల్లో ఒకరు నిలబడి చెప్పేవారు. కథ ముందే తెలిసింది. కాబట్టి దేశమంతా ఆడే వీలు నిజంగానే ఉంది. సందేహించేవాళ్ల మాటలోనూ పస ఉంది. ఫాల్కే పురాణ చిత్రాలు అంతకు ముందే ఊరూరా తిరిగాయి, మరి "తొలి" ఎలా అవుతుంది? నా లెక్కలో "పెద్ద హిట్" అనేంతవరకు ఆధారం ఉంది, "తొలి" దగ్గర జాగ్రత్త పడాలి.

రెండో వాదం ప్రేరణ గురించి. 1927-28లో టి.రంగాచారియార్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన సినిమా కమిటీ, భారతదేశంలో అప్పటికి అన్నిటికన్నా జనం మెచ్చింది హాలీవుడ్ హీరో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ నటించిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' అని రాసింది. దాంతో మన ఫాంటసీలన్నీ దాని నీడలేనని తేల్చేయడం తేలిక. అయితే ఆ అమెరికన్ సినిమా న్యూయార్క్‌లో విడుదలైందే 1924 మార్చిలో. గులేబకావళిదీ అదే ఏడు. చూసి కాపీ కొట్టడానికి కాలం సరిపోదు. పైగా కథ, పరీల వేషాలు, తెర మీద మాయలు పార్సీ నాటకరంగంలో దశాబ్దాలుగా ఉన్నవే. అలాగని బొంబాయికి హాలీవుడ్ గాలి సోకలేదనడమూ సరికాదు. తర్వాతి ఏళ్ల ఫాంటసీల్లో కత్తియుద్ధాలు, గోడలెక్కే హీరోల మీద ఫెయిర్‌బ్యాంక్స్ ముద్ర గురించి ఎవరికీ పేచీ లేదు. మన ప్రేక్షకుడు 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'ను అంతలా ఎందుకు మెచ్చాడన్నదానికి కూడా గులేబకావళి ఒక జవాబు కావచ్చు. ఆ రుచి అతనికి కొత్త కాదు.

దొరికే ఆశ ఉందా?

దొరికిన సందర్భాలు ఉన్నాయి. చిన్నప్పటి వాల్ట్ డిస్నీ మనసులో నాటుకుపోయిన 1916 నాటి అమెరికన్ 'స్నో వైట్' పోయిందనే అనుకున్నారు. 1992లో నెదర్లాండ్స్‌లో ప్రింటు బయటపడింది, అక్షరాల కార్డులు డచ్చి భాషలో ఉన్నాయి. ఇలా పరాయి దేశాల్లో దొరకడానికి ఒక కారణం ఉంది. ఊరూరా ఆడి చివరి మజిలీకి చేరిన అరిగిపోయిన ప్రింటును తిరిగి పంపడానికయ్యే ఖర్చు దాని విలువ కన్నా ఎక్కువ. అక్కడే వదిలేస్తారు. బిల్వమంగళ్ పారిస్‌లో తేలింది. బర్మా, సింహళం, తూర్పు ఆఫ్రికా లాంటి మనవాళ్లున్న చోట్ల ఇంకేమైనా ఉందేమోనన్న ఆశ అలాంటిదే.

కాలం మాత్రం ఆగదు. జుబేదా 1931లో 'ఆలం ఆరా'లో నటించి దేశపు తొలి టాకీ నాయిక అయింది, తర్వాత హైదరాబాద్ ధన్‌రాజ్‌గిర్ కుటుంబపు కోడలైంది, 1988లో కన్నుమూసింది. గులేబకావళి నాటికి ఆమెకు పదమూడేళ్లు. 'ఆలం ఆరా' ప్రింటూ లేదు.

రేపు ఏ పాత గోడౌన్‌లోనో పేరు లేని రీలు ఒకటి దొరికిందనుకుందాం. అది ఇదేనని ఎలా గుర్తుపడతారు? మొదట అంచు చూస్తారు. కోడాక్ ఫిల్ము అంచున చతురస్రం, వలయం, త్రికోణం లాంటి గుర్తులు వేసేది, వాటి నుంచి ఫిల్ము తయారైన ఏడు తెలుస్తుంది. కాకపోతే ఆ గుర్తులు ఇరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1924 గుర్తే 1944కీ, 1964కీ. నైట్రేట్ అయితే 1964 కాదు, కోడాక్ దాన్ని 1950ల మొదట్లోనే ఆపేసింది. బొమ్మ పక్కన శబ్దపు పట్టీ లేకపోతే 1944 కూడా దాదాపు కాదు. తర్వాత కార్డుల మీద భాష, ముఖాలు. చివరగా, ధరంసీ అచ్చు వేయించిన ఆ స్క్రిప్టును పక్కన పెట్టుకుని ఒక్కో దృశ్యం సరిచూస్తారు. ఒక దర్బారు, ఒక తోట ఏ సినిమాలోనైనా ఉంటాయి. పాచికల పీట పక్కన, తల మీద దీపంతో పిల్లి కూర్చుని ఉంటే మాత్రం వెతకాల్సిన చోటు చాలా తగ్గుతుంది.